ఫిజీ సున్నా ఎవరి సున్నా?

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ జరుగుతుంటే మన ఇళ్లలో టీవీలన్నీ సింధు మ్యాచ్‌ల మీదే ఉన్నాయి. 19వ తేదీన ఆమె రజతం గెలిచింది. అంతకు ముందే కుస్తీలో సాక్షి మలిక్ కాంస్యం తెచ్చింది. వంద కోట్లు దాటిన దేశానికి ఆ రెండే. పతకాల పట్టికలో మన పేరు కోసం వెతుక్కుంటూ కిందికి దిగితే 67వ స్థానంలో కనపడింది. దానికి పైన, దారిలోనే, పసిఫిక్ దీవుల దేశం ఫిజీ ఉంది. ఒక స్వర్ణం. జనాభా సుమారు 9 లక్షలు, మన విజయవాడ కన్నా తక్కువ.

ఇలాంటప్పుడు మన నోటికి వెంటనే వచ్చే మాట ఒకటుంది: 'అంత చిన్న దేశం గెలిస్తే మనకేం రోగం?' తలకి ఇన్ని పతకాలని లెక్కలు కట్టే వాళ్లూ తయారవుతారు. నాకు ఈ లెక్క మీద మొదటి నుంచీ అనుమానమే. ఫిజీ కథ దగ్గరగా చూస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది.

ఫిజీ ఒలింపిక్స్‌కి మొదటిసారి వెళ్లింది 1956లో, మెల్‌బోర్న్‌కి. అప్పటికి అది ఇంకా బ్రిటిష్ వలసే, స్వాతంత్ర్యం వచ్చింది 1970లో. 1964, 1980 తప్ప మిగిలిన అన్ని వేసవి ఒలింపిక్స్‌కీ ఫిజీ క్రీడాకారులు వెళ్లారు. పరుగెత్తారు, ఈదారు, జూడో పట్టారు, బరువులెత్తారు. రియోకి ముందు దాకా వచ్చిన పతకాలు సున్నా. రియో నుంచి పారిస్ వరకు జరిగిన మూడు ఒలింపిక్స్‌లో వచ్చినవి నాలుగు: రెండు స్వర్ణాలు, ఒక రజతం, ఒక కాంస్యం. దీవులు అవే, జనం వాళ్లే. ఆస్తులేమీ కలిసిరాలేదు. మారిందల్లా ఒక్కటే. 2009 అక్టోబరులో కోపెన్‌హాగన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, 2016 నుంచి రగ్బీ సెవెన్స్‌ని ఆటల జాబితాలో చేర్చాలని ఓటు వేసింది.

సెవెన్స్ అంటే జట్టుకి ఏడుగురే. ఏడేసి నిమిషాల రెండు భాగాలు, పావుగంటలో ఆట ముగుస్తుంది. స్కాట్లండ్‌లోని మెల్‌రోజ్ అనే ఊళ్లో 1883లో పుట్టిన ఈ ఆట ఫిజీ చేరాక ఊరి ఆట అయిపోయింది. అక్కడి పల్లెల్లో ఇళ్ల మధ్య 'రారా' అని పచ్చిక మైదానం ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి పిల్లలు అక్కడే. బంతి లేకపోతే ప్లాస్టిక్ సీసా చాలు. మన దగ్గర చింతకొమ్మ బ్యాటుతో మొదలైన వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంతమంది ఆడే ఆట ఒలింపిక్స్‌లో లేనంత కాలం ఫిజీ గడిలో సున్నా ఉంది. ఆ సున్నాని ఫిజీ అసమర్థతగా చదివారు. నిజానికి అది జాబితా వేసిన వాళ్ల ఎంపిక.

జాబితా ఎంత ఏకపక్షమో ఒక్క ఉదాహరణ చాలు. రియోలో ఈతలో 30కి పైగా స్వర్ణాలున్నాయి. మైకేల్ ఫెల్ప్స్ ఒక్కడే అయిదు తీసుకుపోయాడు. సెవెన్స్‌లో ఉన్నవి రెండు, పురుషులకి ఒకటి, మహిళలకి ఒకటి. ఫిజీ కుర్రాళ్లు పన్నెండు మంది కలిసి ప్రపంచాన్ని ఓడిస్తే పట్టికలో పడేది ఒక్క అంకె. ఈత కొలనులు కట్టుకోగలిగిన దేశాలకి ఒక రకం పట్టిక, పచ్చిక మైదానం మాత్రమే ఉన్న దేశాలకి ఇంకో రకం పట్టిక అని ఎవరూ రాయలేదు గానీ ఆచరణలో జరుగుతున్నది అదే.

చిన్న దేశాల కోసం ఒలింపిక్స్‌లో ఒక వెసులుబాటు ఉంది. అర్హత ప్రమాణం అందుకోకపోయినా అథ్లెటిక్స్‌లో, ఈతలో ఒకరిద్దర్ని పంపనిస్తారు. ప్రారంభోత్సవంలో జెండా పట్టుకుని నడవడానికి, మొదటి రౌండ్లో ఓడి ఇంటికి రావడానికి అది పనికొస్తుంది. దాన్ని చులకన చేయడం లేదు, దేశం పేరు వినపడటం కూడా విలువైన సంగతే. 1988లో కాల్గరీ శీతాకాల ఒలింపిక్స్‌లో ఫిజీ తరఫున రుసియాతే రొంగొయావా మంచు మీద స్కీయింగ్ చేశాడు. కొబ్బరి చెట్ల దేశం వాడికి మంచెక్కడిది అంటే, నార్వేలో చదువుకున్నాడు. కానీ పాల్గొనడానికి చోటివ్వడం వేరు, గెలవగలిగే ఆటకి చోటివ్వడం వేరు.

ఇక రియోకి వస్తే, ఆ జట్టు కష్టాలు చిన్నవేమీ కావు. ఇంగ్లండ్ నుంచి 2013లో వచ్చిన కోచ్ బెన్ రయాన్‌కి మొదటి కొన్ని నెలలు జీతం ఇవ్వడానికి కూడా అక్కడి రగ్బీ యూనియన్ దగ్గర డబ్బుల్లేవు. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను దీవుల్ని తుడిచిపెట్టింది, 44 మంది పోయారు. ఆగస్టు 11న ఫైనల్లో బ్రిటన్ మీద సగం ఆటకే 29-0. చివరికి 43-7. ఒకప్పటి పాలకుల మీద. పతకాలు మెడలో వేయడానికి వచ్చింది బ్రిటన్ రాకుమారి ఆన్. కుర్రాళ్లు ఒక్కొక్కరూ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని పతకం అందుకున్నారు. దీన్ని బానిసత్వపు ఆనవాలు అనుకునేవాళ్లు ఉండొచ్చు. ఫిజీలో పెద్దల ముందు అలా కూర్చోవడం మర్యాద. ఓడించాక కూడా మర్యాద తప్పలేదు అనే నేను చదువుకుంటాను. ఆ తర్వాత ఫిజీ రిజర్వు బ్యాంకు ఈ జట్టు బొమ్మతో 7 డాలర్ల నోటు వేసింది. ఏడుగురి ఆటకి ఏడు డాలర్ల నోటు!

అయితే రియోది ఫిజీ మొట్టమొదటి స్వర్ణం అని అందరూ రాస్తున్నప్పుడు ఒక పేరు జారిపోతుంది. అంతకు నాలుగేళ్ల ముందు లండన్ పారాలింపిక్స్‌లో ఇలియేసా డెలానా హైజంప్‌లో స్వర్ణం గెలిచాడు. మూడేళ్ల వయసులో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న మనిషి. 1.74 మీటర్లు దూకాడు. అదే ఎత్తు దూకి, విఫలయత్నాల లెక్కలో వెనకబడి రజతంతో సరిపెట్టుకున్నది ఎవరో కాదు, మన కర్ణాటక హాసన్ జిల్లా కుర్రాడు గిరీశ. లండన్‌లో భారత్‌కి దక్కిన ఏకైక పారాలింపిక్ పతకం అదే. పెద్ద దేశమూ చిన్న దేశమూ ఒకే ఎత్తు దూకిన రోజది. రెండు దేశాల్లోనూ ఎంతమందికి గుర్తుందో!

టోక్యో నాటికి కోవిడ్. విమానాలు లేక ఫిజీ బృందం గడ్డకట్టించిన చేపలు మోసుకెళ్లే సరకు విమానంలో జపాన్ చేరింది. ఆటగాళ్లు నెలల తరబడి ఇల్లు మొహం చూడలేదు. ఫైనల్లో న్యూజిలాండ్‌ని 27-12తో ఓడించారు. కెప్టెన్ జెర్రీ తువాయ్‌కి రెండో స్వర్ణం. మహిళల జట్టు బ్రిటన్‌ని ఓడించి కాంస్యం తెచ్చింది. పారిస్‌లో మాత్రం సొంతగడ్డ మీద ఆడిన ఫ్రాన్స్ 28-7తో ఫిజీ పురుషుల జట్టుని ఆపేసింది. ఒలింపిక్ సెవెన్స్‌లో వాళ్లకి అదే తొలి ఓటమి. అప్పుడు కోచ్‌గా ఉన్నది రియో కెప్టెన్ ఒసియా కొలినిసౌ.

ఇక్కడ నా వాదనకే అడ్డొచ్చే విషయం ఒకటి ఒప్పుకోవాలి. కామన్వెల్త్ క్రీడల్లో 1998 నుంచి 2022 దాకా సెవెన్స్ ఉంది. అక్కడ ఫిజీ ఒక్కసారి కూడా స్వర్ణం గెలవలేదు. 1998, 2002, 2018, 2022లో రజతం, 2006లో కాంస్యం. తలుపు తెరిస్తే చాలు, గెలుపు దానంతటదే నడిచొస్తుందని అనలేం. పైగా కొన్నిసార్లు తలుపు మూసింది ఫిజీ వాళ్ల చేతలే. 1987లో సైనిక తిరుగుబాటు చేసి కామన్వెల్త్‌కి దూరమయ్యారు, దాంతో 1990, 1994 క్రీడలు పోయాయి. 2006 తిరుగుబాటు తర్వాత 2009లో సస్పెండ్ అయ్యారు, దాంతో 2010 ఢిల్లీ క్రీడలకి రాలేదు. తుపాకీ పట్టుకున్నది కొందరు, ఆడే వయసు కోల్పోయింది ఇంకొందరు.

గెలిచిన వాళ్లని నిలబెట్టుకోవడం ఇంకో తలనొప్పి. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టర్ ఐలీన్ ధికమతనా ఫిజీకి స్వర్ణం తెచ్చింది. సాధన ఎక్కడ చేయాలన్న దాని మీద అక్కడి సమాఖ్యతో పేచీ వచ్చింది. 2022 బర్మింగ్‌హామ్‌లో అదే అమ్మాయి మళ్లీ స్వర్ణం గెలిచింది, ఈసారి ఆస్ట్రేలియా జెర్సీలో. రగ్బీలో ఈ వలస ఇంకా పాతది. జో రొకొథోకో, సితివేని సివివాటు ఫిజీలో పుట్టి న్యూజిలాండ్‌కి ఆడారు. పతకాల పట్టిక జెండాని లెక్కపెడుతుంది, పుట్టిన ఊరిని కాదు.

రియో విజయం రాగానే 'జాతులన్నీ ఏకమయ్యాయి' అని వచ్చిన రాతలు చాలా ఉన్నాయి. సంబరంలో అందరూ కలిసిన మాట నిజమే. కానీ ఆ జట్టులో భారత సంతతి వాళ్లు లేరు. 1879 నుంచి 1916 వరకు చెరకు తోటల పనికి గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద 60 వేల మందికి పైగా భారతీయులు అక్కడికి వెళ్లారు. 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి వెళ్లిన వాళ్లలో తమిళులతో పాటు మన తెలుగు వాళ్లూ ఉన్నారు. ఇవాళ దేశంలో మూడో వంతు దాకా భారత సంతతే. వాళ్లు పట్టుకున్న ఆట ఫుట్‌బాల్. 1938లో మొదలైన సంఘం పేరే 'ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్', 1961లో గానీ 'ఇండియన్' తీసేయలేదు. అంటే ఒకే దేశంలో రగ్బీ మైదానం ఒకరిది, ఫుట్‌బాల్ మైదానం ఇంకొకరిది. ఒలింపిక్ జాబితాలో ఎవరి ఆటకి చోటు అన్న ప్రశ్న దేశం లోపల కూడా ఉందన్నమాట.

అదే రియోలో ఫిజీ ఫుట్‌బాల్ జట్టు కూడా ఉంది, మొదటిసారి. పసిఫిక్ అర్హత పోటీల్లో అర్హత లేని ఆటగాడిని దించి న్యూజిలాండ్ వేటు తిన్నాక, ఫైనల్లో వనువాటుని పెనాల్టీల్లో ఓడించి ఫిజీ వెళ్లింది. కొరియా 8-0, జర్మనీ 10-0తో చితక్కొట్టాయి. మెక్సికో మీద మాత్రం మొదట గోల్ కొట్టింది ఫిజీయే. విరామానికి 1-0 ఆధిక్యం, చివరికి 1-5 ఓటమి. ఆ గోల్ కొట్టింది లంబాసా ప్రాంతం నుంచి వచ్చిన రాయ్ కృష్ణ. తర్వాత కోల్‌కతా, బెంగళూరు, ఒడిశా జట్లకి ఆడినవాడే కాబట్టి మన ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ చూసేవాళ్లకి కొత్త కాదు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఫిజీకి ఉన్న ఒకే ఒక్క గోల్ అది. దానికి నోటు వేయలేదు.

2023 అక్టోబరులో ఒలింపిక్ కమిటీ మళ్లీ ఓటు వేసింది. ఈసారి ముంబయిలో, క్రికెట్ కోసం. 2028 లాస్ ఏంజెలెస్‌లో టీ20 ఉంటుంది, పురుషుల్లో ఆరు జట్లు, మహిళల్లో ఆరు. మనకి పతకం వస్తే ఎవరూ ఈ ముంబయి ఓటుని తలుచుకోరు, ప్రతిభ గురించే రాస్తాం. ఆ ఆరింటిలో చోటు దొరకని దేశాల గడిలో మాత్రం ఎప్పటిలాగే సున్నా ఉంటుంది.