ముందు రాయి కథ, తర్వాతే ఎముక కథ

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే రోగం ఫ్లోరోసిస్. నల్లగొండలోని ఈ రోగం మీద నేను చదివిన వ్యాసంలో దాన్ని పూర్తిగా డాక్టర్ల సమస్యగా రాశారు. మాది మునుగోడు వైపు, అందుకే నాలుగు మాటలు. మా నేల కింద ఉన్నది గ్రానైట్. అందులోని అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో క్షారగుణం ఎక్కువై కాల్షియం తగ్గితే ఇంకా ఎక్కువ దిగుతుంది. చేదబావులు ఎండి బోర్లు లోతుకు పోయేకొద్దీ, రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లే మాకు దిక్కయ్యాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ప్రమాణం అప్పట్లో ఎవరికి తెలుసు?

తిండి సంగతీ వదిలేశారు. 1970ల్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మా జిల్లా పిల్లల మోకాళ్లు లోపలికి వంగడం గమనించి, కారణం కోసం జొన్న తిండి, అందులోని మాలిబ్డినం, రాగి లాంటి ఖనిజాల దాకా వెతికారు. అంటే ఒక్క రోగం వెనుక భూగర్భం, సేద్యం, వైద్యం మూడూ ఉన్నాయి.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను పేరబెట్టి తీసే 'నల్లగొండ పద్ధతి' నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లది. మా ఊళ్ల పేరు విదేశీ పుస్తకాల్లోకి ఎక్కింది అట్లా, గొప్పగా చెప్పుకునేదేం కాదనుకోండి. చవకైనదే. కానీ నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదు మారాలి, రోజూ ఎవరో ఒకరు కూర్చుని చేయాలి. ఊళ్లో అది సాగదు.

ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లొస్తున్నాయి, సంతోషం. మా బర్రెలు మాత్రం ఇంకా బోరు నీళ్లే తాగుతున్నాయి. వాటి పళ్ల మీద గోధుమ చారలు వచ్చి చూడండి.