రోకలి పట్టిస్తే జిమ్ అయిపోతుందా అన్నయ్యా?

నిన్న మా పెద్దమ్మ వాళ్ళింట్లో అందరం కలిశాం. మా అన్నయ్య 85 ఏళ్ల అమ్మమ్మ చేతికి రోకలి ఇచ్చి, రోటి దగ్గర నిలబెట్టి రీల్ తీశాడు. కింద ఏం రాశాడో తెలుసా? "అప్పట్లో జిమ్‌లు లేవు, టెన్షన్లు లేవు, ఎంత హాయైన బాల్యమో!" దానికి చుట్టాలందరూ లైకులు. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఏది హాయి? మా అమ్మమ్మది కనిగిరి దగ్గర పల్లె. తెల్లారకముందే బిందె చంకన పెట్టుకుని దిగుడు బావికి పోయేది. ఎండాకాలం ఊట ఊరేదాకా ఆ మెట్ల మీదే కూర్చునేది. ఆ నీళ్లు మంచివా అంటే అదీ లేదు. కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు, ఉందని 1937లోనే గుర్తించారు, అంటే ఆమె పుట్టకముందే. అయినా ఆ నీళ్లే తాగి పెరిగింది. ఆమె పళ్ల మీది మచ్చలు చూసి చిన్నప్పుడు మేమే నవ్వేవాళ్లం. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఏడేళ్లకే జొన్నలు దంచడం, పేడ ఎత్తడం, పిడకలు కొట్టడం. 1953లో, 13 ఏళ్లకి పెళ్లి. ఆడపిల్లకి 15 నిండాలని అప్పటికే చట్టం ఉంది. ఆ ఊళ్లో అడిగినవాడు లేడు.

అన్నిటికంటే నాకు మండేది బడి సంగతి. రెండో తరగతిలో మాన్పించారు. ఎందుకు? చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవాలి కాబట్టి! ఆయన్ని చంకనేసుకుని బడి కిటికీ దగ్గర నిలబడి పాఠం వినేదట. ఆయన చదువుకున్నాడు, ఉద్యోగం చేశాడు. తండ్రి పోయాక అదే తమ్ముడు వచ్చి, రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లి, కాగితాల మీద అక్క వేలిముద్ర వేయించుకున్నాడు. తండ్రి ఆస్తిలో కూతురికీ వాటా ఉందని 1956 నుంచీ చట్టం చెబుతోంది. మా అమ్మమ్మకి దక్కింది ఒక చీర. ఆ ఇంటివాళ్లు నిన్న భోజనాలకి వచ్చారు, ఆ రీల్‌కి లైకులూ కొట్టారు.

రీల్ తీసెయ్యమంటే "ప్రతిదీ నెగిటివ్‌గా తీసుకోకు" అన్నాడు అన్నయ్య.

పొద్దున అమ్మమ్మ నా ఫోన్ చూపించి అడిగింది, "నా బొమ్మ కింద ఏందో రాశాడంట గదమ్మా, కాస్త చదువు."

నేను చదవలేదు.