దెయ్యానికి జిప్పు ఉండొచ్చా?

దెయ్యం వీపు మీద జిప్పు కనపడిందట. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర ఓ పెద్దమనిషి ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహంలో బాధ చూస్తే, ఆ దెయ్యం ఆయన సొంత మేనకోడలేమో, పెళ్ళిచూపుల్లో పరువు తీసిందేమో అనిపించింది. బెజవాడ కుర్రాళ్ళు కొందరు తలా కాస్త వేసుకుని తీసిన హారర్ కామెడీ అది. నైటీ వేసుకున్న దెయ్యం వెనక్కి తిరిగింది, జిప్పు తళుక్కుమంది, ఆయన మనసు విరిగింది. “మినిమమ్ క్వాలిటీ ఉండాలి కదండీ!” అన్నారు.

ఉండాల్సిందే. నేను ఆయన్ని పూర్తిగా సమర్థిస్తున్నాను. ఆత్మను ఆయుధాలు నరకలేవనీ, నిప్పు కాల్చలేదనీ, చినిగిన బట్టలు విడిచినట్టు అది శరీరాలు విడుస్తుందనీ గీతలో ఉంది గానీ, జిప్పు సంగతి ఎక్కడా లేదు. ఎంత లోటు! హుక్కులైతే పర్వాలేదా? బొత్తాలున్న దెయ్యం ఏ కేటగిరీ కిందికి వస్తుంది? ప్రభుత్వం వెంటనే ఒక కమిటీ వేయాలి. జిప్పున్న బట్టల్లో పోయినవాళ్ళు ఎట్టి పరిస్థితుల్లోనూ దెయ్యాలు కాబోమని ముందే స్టాంపు పేపరు మీద రాసివ్వాలి. కొరివి దెయ్యాలకు ఫైర్ డిపార్టుమెంటు ఎన్‌ఓసీ తప్పనిసరి చేయాలి. అన్నట్టు, ఈ పెద్దమనిషే హీరో ఒక్క తన్ను తంతే ఆరు సుమోలు లేచి పక్క జిల్లాలో పడినప్పుడు ఈల వేశారు. దానికి క్వాలిటీ ఉంది మరి.

అసలు ఆ సినిమాలో నాకు పిచ్చిపిచ్చిగా నచ్చిన సీనొకటుంది. దెయ్యం మొదటిసారి రావాలంటే పొగ కావాలి. మిషను అద్దెకు తేవడానికి డబ్బుల్లేవు. ముందు సాంబ్రాణి వేశారట. ఎవరింట్లోనో పూజ అనుకుని వీధిలోవాళ్ళు ప్రసాదానికి వచ్చారట. అప్పుడు ఎవడికో బుర్ర వెలిగింది. సాయంత్రం కాలవ గట్టు వీధుల్లోకి కార్పొరేషన్ వాళ్ళ దోమల పొగ బండి వస్తుంది కదా! దోమలున్నంత కాలం బెజవాడలో పొగకేం కరువు?

తెర మీద చూడాలి ఆ వైభవం. డుగుడుగుడుగుమని బండి చప్పుడు. దాన్నే డబ్బింగులో దెయ్యం గుండె చప్పుడుగా వాడుకున్నారు. చచ్చినదానికి గుండె ఎందుకు కొట్టుకుంటుందని మా పెద్దమనిషి అడగలేదు, ఆయన జిప్పు దగ్గరే ఆగిపోయారు. వీధంతా తెల్లగా అయిపోయింది. అందులోంచి జుట్టు విరబోసుకుని దెయ్యం వచ్చింది. దెయ్యం వెనకే చొక్కాల్లేని పిల్లలు కేకలేసుకుంటూ వచ్చారు. పొగ బండి వెనక పరిగెత్తే పిల్లల్ని ఆపడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. హీరో వణకాలి, పిల్లలేమో కిలకిలలాడుతున్నారు. ఒకడు నైటీ పట్టుకుని “అక్కా, నేను కూడా పడతానా ఇందులో?” అన్నాడు. దెయ్యానికి పొగ గొంతులోకి పోయింది. “నిన్ను చంపుతా” అనే డైలాగు దగ్గులో కలిసిపోయింది. హీరో కంగారులో “మంచినీళ్ళు తాగుతారాండీ?” అనేశాడు. మేడ మీంచి ఓ పెద్దావిడ “ఏమ్మా, ఆ మందు పీలుస్తూ నిలబడ్డావేం, లోపలికి రా!” అని గద్దించింది. బండి ఆ పూటకి మళ్ళీ రాదు కాబట్టి రీటేక్ లేదు. డైరెక్టరు అన్నీ ఉంచేశాడు. చివరికి దెయ్యం దగ్గు ఆపుకుని, చెంప మీద దోమని ఠపీమని కొట్టుకుని, “చచ్చినా వదలవా?” అంది. దోమనో హీరోనో తెలీదు.

హాల్లో ఉన్న కొద్దిమందిమీ పొట్ట పట్టుకుని నవ్వాం. సెకండాఫ్‌లో హీరో ఫోన్‌లో ఆ వీడియో మళ్ళీ పెట్టి చూసుకుంటాడు. పొగలోకి వెళ్ళిన పిల్లలు తొమ్మిది మంది. బయటికి వచ్చింది పది మంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. నాకు మాత్రం వెన్నులోంచి చలి పుట్టుకొచ్చింది.

ఇదీ ఈ చవక సినిమాల రుచి. పెద్ద సినిమాలో దెయ్యం ఏ నిమిషానికి ఎటు నుంచి వస్తుందో సౌండే ముందు చెప్పేస్తుంది. ఇక్కడ దెయ్యం వస్తుందా అని ఒక టెన్షన్, వస్తే విగ్గు ఊడుతుందా అని ఇంకో టెన్షన్. కాసేపటికి ఆ రెండూ కలిసిపోయి, ఏది చూసి నవ్వామో ఏది చూసి జడుసుకున్నామో తెలీదు.

జిప్పుకే మనసు విరిగేవాళ్ళు విఠలాచార్య కాలంలో ఉంటే ఏమయ్యేవారో! 1978లో ఆయన తీసిన ‘జగన్మోహిని’లో దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేసింది. అవి నిజం కాళ్ళు కావని మా అమ్మమ్మకీ తెలుసు. “కట్టెల ఖర్చు తప్పింది దానికి” అని నవ్వింది, ఆ రాత్రి వంటింట్లోకి వెళ్ళడానికి నన్ను తోడు పిలిచింది. న్యూజీలాండ్‌లో పీటర్ జాక్సన్ సెలవు రోజుల్లో స్నేహితుల్ని పోగేసి నాలుగేళ్ళు సాగదీసి తీసిన ‘బ్యాడ్ టేస్ట్’ 1987లో వచ్చింది. అందులో గ్రహాంతరవాసుల మాస్కులు వాళ్ళమ్మ ఓవెన్‌లో కాల్చినవే. మనుషులు చాలక రెండు వేషాలు తనే వేసి, కొండ అంచున తనతో తనే కొట్టుకున్నాడు. 2004లో అదే మనిషి సినిమాకి 11 ఆస్కార్లు వచ్చాయి. జపాన్‌లో షినిచిరో ఉయెదా 2017లో సుమారు 30 లక్షల యెన్లతో ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’ తీశాడు. మొదట్లో 37 నిమిషాలు ఒకటే షాటు, దాన్నిండా తప్పులే. ఆ తప్పులెందుకో తర్వాత తెలుస్తుంది, నేను చెప్పను. అది 300 కోట్ల యెన్లు దాటి వసూలు చేసింది. 1981 నాటి ‘ది ఈవిల్ డెడ్’లో నెత్తురు మొక్కజొన్న సిరప్. మన కుర్రాళ్ళది పంచదార పాకం, మిఠాయి రంగు. మే నెల, బెజవాడ ఎండ, శవానికి చీమలు పట్టి శవం కదిలింది. అదీ ఉంచేశారు.

చవగ్గా తీసిందల్లా గొప్పదని నేననను. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ ఆడాక మన మీద పడిన దెయ్యాల మందలో చాలావాటికి డబ్బే కాదు, ఆలోచనా లేదు. బాత్రూం జోకులు, లావుగా ఉన్నవాడి మీద వెక్కిరింతలు, సెకండాఫ్ అంతా ఏడుపు ఫ్లాష్‌బ్యాక్. అలాంటి దెయ్యాల్ని సీసాలో బిగించి కృష్ణలో పారేస్తే నేనే ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చప్పట్లు కొడతాను.

కానీ ఈ పిల్లలకి జరిగింది వేరు. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల మెట్లు ఎక్కీ దిగీ వాళ్ళు సంపాదించింది ఒక్క హాలు, ఒక్క ఆట, అదీ పొద్దున పదకొండుకి. చూసేవాళ్ళంతా కాలేజీల్లో, షాపుల్లో ఉండే టైము. పెద్ద హీరో సినిమాకైతే టికెట్టు రేటు పెంచుకోమని జీవో వస్తుంది, తెల్లారకముందే బెనిఫిట్ షో పడుతుంది, ఊళ్ళో ఉన్న తెరలన్నీ దానివే. సోమవారం మా చెల్లెలి పిల్లల్ని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. “జనం లేరండీ, షో క్యాన్సిల్” అన్నాడు కౌంటర్లో కుర్రాడు. మరి మేమెవరం? మా వెనక నిలబడ్డ ఆ ఇంజనీరింగ్ పిల్లలెవరు? పోస్టరు మీద ఇంకో పోస్టరు అంటించారు, ఆన్‌లైన్‌లో షో తీసేశారు, పైగా జనం రాలేదంటారు. చూడనివ్వకుండా చేసి చూడలేదని చెప్పడానికి సిగ్గుండాలి. టికెట్టు కన్నా ఎక్కువ రేటుకి పాప్‌కార్న్ అమ్ముకుంటారు, వందల కోట్లు పోసిన చెత్తకి మన చేత ఈలలు వేయిస్తారు, నైటీకి నాలుగొందలు మించి పెట్టలేని పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం క్వాలిటీ గుర్తొస్తుంది!

మధ్యాహ్నం అదే తెర మీద, మూడో వారంలో ఉన్న పెద్ద సినిమాకి అదనపు ఆట వేశారు. తలుపు సందులోంచి చూశాను, మేం క్యూలో ఉన్నంత మంది కూడా లేరు. ఆ ఆట క్యాన్సిల్ కాలేదు. కుర్రాళ్ళకి డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీల బిల్లు మాత్రం వారం మొత్తానికీ పంపారు.