ఇంకో సెట్ కావాలంట

మా చెల్లి సంబంధం చెడిపోబోయింది, మళ్ళీ అరగంటలో అతుక్కుంది, రెండింటికీ కారణం నేను టైప్ చేసిన నాలుగు మాటలు. చెల్లంటే మా పిన్ని కూతురు, గుంటూరు బ్రాడీపేట. అబ్బాయి వాళ్ళది బెజవాడ పటమట, నేనుండేదీ ఇక్కడే కాబట్టి మధ్యలో కబుర్లు మోసే ఉద్యోగం నాకిచ్చారు, జీతం లేదు.

మొన్న ఆదివారం టిఫిన్ సెంటర్లో సెట్ దోసె తింటున్నా, అబ్బాయి వాళ్ళమ్మ ఫోను. "బాబూ, మీవాళ్ళు ఒక్క సెట్టే ఇచ్చారు, ఇంకో సెట్ కావాలి, మా బావగారు కూడా చూస్తానంటన్నారు, కలర్‌లో అయితే బాగుంటది" అంది. జాతకం, బయోడేటా, ఫొటో కలిపి జిరాక్స్ సెట్ గురించి ఆవిడ గోల. నాకు అర్థమైంది. ఒక చేత్తో దోసె, ఇంకో చేత్తో ఫోను, అల్లం చట్నీ స్క్రీన్ మీద పడకుండా చూసుకుంటా పిన్నికి వాట్సాప్‌లో "వాళ్ళకి ఇంకో సెట్ కావాలంట" అని కొట్టేసి రెండో దోసె మీద పడ్డా.

నేను మర్చిపోయిందేంటంటే, అంతకుముందు వారమే పిన్ని వాళ్ళు అమ్మాయికి ఒక నెక్లెస్ సెట్ పెడతామని మాటిచ్చారు. బంగారం రేటు తెలిసిందేగా, ఆ ఒక్క సెట్ కోసమే మా బాబాయి రోజూ పేపర్లో ధర చూసి, ఒక నిట్టూర్పు విడిచి, అప్పుడు కాఫీ తాగుతున్నాడు.

వెంటనే పిన్ని ఫోను. "ఏందిరా, ఇంకో సెట్టా?"

"అవును పిన్నీ, ఒకటి చాలదంట, వాళ్ళ బావగారు కూడా చూస్తారంట."

"చూసేదేందిరా, తూకం వేసుకుంటాడా?"

నేను జోకనుకుని పగలబడి నవ్వా. పైగా "కలర్‌ది అయితే ఇంకా బాగుంటదంట" అని కూడా అన్నా. "రాళ్ళ సెట్టా!" అని అవతల కేక, ఫోను కట్. సిగ్నల్ పోయిందేమో అనుకుని నేను కాఫీ చెప్పా.

తర్వాత కోపమొచ్చి అసలు ఈ మాట కథేంటో చూశా. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో ఎడిషన్లో సెట్‌కి 430 అర్థాలంట, ఆ తర్వాత 'రన్' అనే మాట ఒక్క క్రియగానే 645తో దాన్ని దాటేసిందంట. ఇంకో తమాషా, ఈ సెట్లన్నీ ఒకే ఇంటివి కావు, పెట్టడం అనే సెట్ పాత ఇంగ్లీషువాళ్ళ 'సెట్టన్' నుంచి వస్తే, కొన్ని వస్తువులు కలిపితే వచ్చే సెట్ లాటిన్ 'సెక్టా' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చి దీని పక్కన చేరింది. అక్కడ కూడా సంబంధం కలుపుకున్నవే అన్నమాట, ఇక గొడవలు రాక ఏం చేస్తాయి.

మా బాబాయి డిక్షనరీ దాకా పోలా. సరాసరి అబ్బాయి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి "ఇంకో సెట్ మావల్ల కాదండీ, ఇక ఇది సెట్ అవ్వదులెండి" అనేశాడు. ఆయన పాపం నొచ్చుకుని, "అయ్యో దానికంత మాటెందుకు బావగారూ, ఆ ఉన్న సెట్టే మేం జిరాక్స్ తీయించుకుంటాం, ఎంతవుద్ది, పేజీకి రెండ్రూపాయలు" అన్నాడంట.

బాబాయి నోట మాట లేదు. పక్కనుంచి పిన్ని "ఎంతంటన్నారు, ఎంతంటన్నారు" అని సైగలు చేస్తంటే రెండు వేళ్ళు చూపించాడంట. పిన్ని "రెండు లక్షలా!" అని సోఫాలో కూలబడింది.

సాయంత్రం ఆ ఫైలేదో నా ఫోనుకి పంపించి నన్నే ప్రింటు తీయించి ఇచ్చి రమ్మన్నారు. వీధి చివర షాపులో కుర్రాడు "ఎన్ని సెట్లన్నా?" అన్నాడు.

"సెట్లు కాదు తమ్ముడూ, కాగితాలు. మూడు కాగితాలు, కలర్."

తీసి ఇస్తా, స్టేప్లర్ చేతిలో పట్టుకుని "సెట్ చేసి ఇవ్వనా?" అన్నాడు.

"వద్దమ్మా, విడివిడిగానే ఇవ్వు" అన్నా.