మిద్దె మీద పట్టాలు తప్పిన వైపీ

గుంతకల్లులో బొమ్మ రైలు ఎవరైనా నడుపుకోవచ్చు గానీ, అది పట్టాలు మాత్రం తప్పకూడదు. తప్పిందంటే వీధిలో రిటైరైన రైల్వే వాళ్లంతా విచారణకు దిగుతారు.

మా బావ మిద్దె మీద నడిపేది పిల్లల బొమ్మ కాదు లెండి. 45 మిల్లీమీటర్ల ఎడంతో పట్టాలు, నిజంగా ఆవిరితోనే నడిచే వైపీ ఇంజన్. ఒకప్పుడు మీటరు గేజు మీద, అంటే మీటరు ఎడం ఉన్న పట్టాల మీద, ప్యాసింజర్లు లాగిన వైపీకి 22.5వ వంతు నమూనా. ముందు బోగీకి (బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, ఇంజను కింద తిరిగే చక్రాల చట్రం) నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. పెద్ద చక్రాలతో ఏ పేచీ లేదు. నీళ్ల ట్యాంకు దగ్గరి మలుపు రాగానే ముందు చక్రాలే అలకపాన్పు ఎక్కిన అల్లుడిలా పక్కకు తిరిగేవి.

ప్రారంభోత్సవమని అక్క ఉగ్గాని, బజ్జీలు చేసింది. చుట్టాలందరి ముందే బండి పడింది. ఎదురింటి పెద్దాయన ఇంజన్ల షెడ్డులో ఫోర్‌మన్‌గా చేశాడు. పక్కింటాయన పట్టాల ఇన్‌స్పెక్టరు. సర్వీసంతా ఒకరి మీద ఒకరు నెపం పెట్టుకునే బతికారు. ఇప్పుడు ఇద్దరికీ చేతినిండా పని దొరికింది.

"చక్రం ఎక్కిన చోటు యాడ, పడిన చోటు యాడ?" అంటూ ఇన్‌స్పెక్టరు భూతద్దంతో పట్టా పైన గీత వెతికి, సుద్దతో సున్నా చుట్టాడు. గీత పొడుగ్గా ఉంది. అంటే చక్రం ఎగిరి పడలేదు, అంచు మెల్లగా పట్టా ఎక్కింది. "తప్పు చక్రాలదే. మధ్య దూరం కొలువు." కొలిస్తే రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 40 మిల్లీమీటర్లు, సరిగ్గానే ఉంది.

ఫోర్‌మన్ మీసం దువ్వి, మేస్త్రీల రసమట్టం పట్టాల మీద అడ్డంగా పెట్టాడు. బుడగ ఒక పక్కకు పోయింది. మిద్దెకు వాన నీళ్ల గొట్టం వైపు వాలు ఉంది కదా, సరిగ్గా మలుపులోనే ఒక పట్టా దిగిపోయింది. "సూడప్పా, నీ రోడ్డే మెలికపడింది!"

"రోడ్డు మెలికపడితే బోగీ దానికి తగ్గట్టు ఒరగాల గదా?" అని ఇన్‌స్పెక్టరు పోస్టుకార్డు ముక్క మడిచి ఒక ముందు చక్రం కింద దోపాడు. పక్క చక్రం గాల్లోకి లేచింది. బోగీ ఊడిపోతుందేమోనని బావ బోల్టును బిర్రుగా బిగించేశాడు మరి. ఇద్దరూ చెప్పిందీ నిజమే. ఇద్దరూ ఒప్పుకోలేదు. బావ బోల్టు కాస్త వదులు చేశాడు, నేను స్లీపర్ల కింద రేకు ముక్కలు పెట్టాను.

బండి మలుపు దాటింది. అందరూ చప్పట్లు కొట్టారు. దిష్టి తగులుతుందని అక్క పరుగున వచ్చి ఇంజను ముందు నిమ్మకాయ కట్టింది. తర్వాతి చుట్టులో దారం జారి నిమ్మకాయ ముందు చక్రాల కిందికే పోయింది. మళ్లీ అదే మలుపు.

పెద్దమనుషులిద్దరూ జన్మలో మొదటిసారి ఒకే జాయింట్ నోట్ (ఉమ్మడి విచారణ కాగితం) మీద సంతకం పెట్టారు: కారణం, నిమ్మకాయ. అక్క పెట్టలేదు. నేనొప్పుకోనని రాసిచ్చే డిసెంట్ నోటుగా బజ్జీల గిన్నె ఎత్తుకుని కిందికి దిగిపోయింది.