మెట్లు తీసేస్తే పైకెవరు ఎక్కుతారు?

నంద్యాలలో నాలుగు వీధులు తిరిగితే బ్యాంకు కోచింగ్ బోర్డులే కనిపిస్తాయి. ఆ గదుల్లో రీజనింగ్ లెక్కలతో కుస్తీ పడుతున్న పిల్లలకు పీవో, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్, ఉద్యోగం వస్తే చాలు, ఇంట్లోవాళ్ల టెన్షన్ తీరిపోతుంది. చైర్మన్ అవుతానన్న మాట వాళ్ల నోట రాదు, కానీ రావాలి. గద్వాల జిల్లా పెద్దపోతులపాడులో పుట్టి, అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, 1988లో ప్రొబేషనరీ ఆఫీసర్‌గా చేరిన చల్లా శ్రీనివాసులు శెట్టి 2024 ఆగస్టులో స్టేట్ బ్యాంక్ చైర్మన్ అయ్యారు. 36 ఏళ్లు ఒకటే బ్యాంకు. చైర్మన్ కాకముందు మొండి బకాయిల విభాగం కూడా నడిపారు, అంటే అప్పు ఇవ్వడం ఎలాగో ఒక్కటే కాదు, ఇచ్చిన అప్పు ఎందుకు తిరిగి రాలేదో కూడా దగ్గర నుంచి చూసిన మనిషి.

మనవాడని అందరం సంబరపడ్డాం, పడాల్సిందే. అయితే ఆ దారి ఆయన ఒక్కరిదే కాదు. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న దినేశ్ ఖరా 1984లో, రజనీశ్ కుమార్ 1980లో, అరుంధతీ భట్టాచార్య 1977లో ఇదే పీవో పరీక్ష రాసి వచ్చినవాళ్లే. భట్టాచార్యది ఇంగ్లీషు సాహిత్యం, ఫైనాన్స్ కాదు. చేరిన 36 ఏళ్లకు, 2013లో, ఆ బ్యాంకుకు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. పసిపిల్లల కోసమో ముసలి తల్లిదండ్రుల కోసమో మహిళా ఉద్యోగులు రెండేళ్లు సెలవు పెట్టి మళ్లీ వచ్చి చేరే వీలు ఆమె హయాంలోనే వచ్చింది. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఇంటికొస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో అనుభవించినవాళ్లకే ఇలాంటి నిర్ణయం తడుతుందని మా నమ్మకం.

ఆసియాలో పెద్ద బ్యాంకుల అధిపతుల బయోడేటాలు పక్కపక్కన పెట్టుకుని చదవమని మేము పాఠకులకు చెబుతాం. అందరూ చివరి లైను, అంటే ఇప్పటి హోదా, చదువుతారు. మేము మొదటి లైను, అంటే ఉద్యోగం ఎక్కడ మొదలుపెట్టారో, చదవమంటాం.

దక్షిణ కొరియా సంగతి చూడండి. అక్కడ ఒక తరంలో డబ్బులేని ఇళ్లలో బాగా చదివే పిల్లలు కాలేజీకి వెళ్లే స్తోమత లేక కామర్స్ హైస్కూల్లో చేరి, పద్దులు రాయడం నేర్చుకుని, నేరుగా బ్యాంకు ఉద్యోగంలోకి వెళ్లేవాళ్లు. యున్ జోంగ్‌గ్యూ అలా 1973లో చేరి, ఉద్యోగం చేస్తూనే రాత్రి కాలేజీలో చదివి, అకౌంటెంటై, 2014లో కేబీ ఫైనాన్షియల్ చైర్మన్ అయ్యారు. హామ్ యోంగ్‌జూ 1980లో సియోల్ బ్యాంకులో చేరారు, 2022 నుంచి హానా ఫైనాన్షియల్ చైర్మన్. షిన్‌హాన్ అధిపతి జిన్ ఓక్‌డాంగ్‌ది కూడా కామర్స్ హైస్కూలు చదువే, ఆయన కూడా 1980లోనే ఉద్యోగంలో చేరి 2023లో పైకొచ్చారు. దేశంలో అతి పెద్ద ఫైనాన్స్ సంస్థల్లో మూడింటిని హైస్కూలు చదువుతో ఉద్యోగంలో అడుగుపెట్టినవాళ్లు నడిపారు. ఈ ముగ్గురి గురించి మన కోచింగ్ సెంటర్లలో ఒక పూట మాట్లాడితే బాగుంటుంది.

బయటి నుంచి వచ్చినవాళ్లంతా పనికిరానివాళ్లని మేము అనడం లేదు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకును పాతికేళ్లకు పైగా నడిపిన ఆదిత్య పురి 1994లో మలేసియా సిటీబ్యాంక్ పదవి వదులుకుని వచ్చినవారు. సింగపూర్ బ్యాంకు డీబీఎస్‌ను 2009 నుంచి 2025 మార్చి దాకా నడిపిన పీయూష్ గుప్తా మీరట్‌లో పుట్టి, 1982లో సిటీబ్యాంక్‌లో చేరి, మధ్యలో సొంతంగా ఒక డాట్‌కామ్ కంపెనీ పెట్టి, అది కొన్ని నెలల్లోనే మూతపడితే మళ్లీ సిటీకే వెళ్లారు. బీమా సంస్థ ప్రుడెన్షియల్ సీఈవో అనిల్ వాధ్వానీ, కోటక్ బ్యాంకుకు 2024లో వచ్చిన అశోక్ వాస్వానీ, వీళ్లదీ సిటీ బడే. యువకుల చేతిలో పెద్ద బాధ్యత పెట్టి, దేశం నుంచి దేశానికి తిప్పడం ఆ బ్యాంకు అలవాటు. మాకు గుప్తా కథలో నచ్చింది మాత్రం ఆ ఓడిపోయిన డాట్‌కామ్. మన దగ్గర పిల్లాడి వ్యాపారం మునిగితే పెళ్లి సంబంధాల్లో కూడా ఆ మాట దాచిపెడతాం. అక్కడ అలా మునిగిన మనిషికే ఆగ్నేయాసియాలో అతి పెద్ద బ్యాంకును అప్పగించారు.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. 2023లో డీబీఎస్ ఆన్‌లైన్ సేవలు పదేపదే ఆగిపోయాయి, సింగపూర్ ద్రవ్య అధికార సంస్థ కొత్త వ్యాపారాలు ఆరు నెలలు ఆపమంది, బ్యాంకు బోర్డు గుప్తా ఆ ఏడాది బోనస్‌లో 30 శాతం, 41 లక్షల సింగపూర్ డాలర్లకు పైగా, కోసేసింది. సర్వర్ డౌన్ అంటే మనకు కిటికీ మీద ఒక కాగితం అంటించి ఊరుకుంటారు.

లోపలే పెరిగినవాళ్లతో వచ్చే ఇబ్బంది కూడా ఉంది, దాన్ని దాటేసి వెళ్లడం నిజాయితీ కాదు. జపాన్ పెద్ద బ్యాంకుల్లో డిగ్రీ అవగానే చేరి రిటైరయ్యేదాకా అక్కడే ఉండటం ఆనవాయితీ. మూడు బ్యాంకులు కలిసి మిజుహో ఏర్పడ్డాక పై పదవులు మూడు పాత బ్యాంకుల వాళ్లు వాటాల్లా పంచుకున్నారు, ఎవరి పాత ఇల్లు వాళ్లదే. 2002లో, 2011లో, మళ్లీ 2021లో కంప్యూటర్ వ్యవస్థ కుప్పకూలింది. 2021లో ఏటీఎంలు జనం కార్డుల్ని మింగేశాయి, చివరికి సీఈవో తప్పుకోవాల్సి వచ్చింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో, ఆంధ్రా బ్యాంక్ 2020లో విలీనమైన చోట పనిచేసినవాళ్లకు ఈ పాత ఇల్లు అనే మాట అర్థమవుతుంది. చైనాలోనైతే దారే వేరు, గువో షుచింగ్‌లా బ్యాంకు చైర్మన్ సెక్యూరిటీల నియంత్రణ సంస్థకు, అక్కడి నుంచి షాన్‌డాంగ్ గవర్నరుగా, మళ్లీ బ్యాంకుల నియంత్రణకు మారుతుంటారు.

ఇవన్నీ చూశాక మేము పట్టుబట్టేది ఒకటే. లోపలివాళ్లా బయటివాళ్లా అన్నది రెండో ప్రశ్న. మొదటిది, బ్యాంకు అధిపతి కాబోయే మనిషి ఉద్యోగంలో చేరిన తొలి పదేళ్లలో అప్పు తీసుకునేవాడి ఎదురుగా కూర్చున్నాడా? పంట రుణం రెన్యువల్‌కు పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని పొద్దున్నే వచ్చిన రైతుతో, గాజులు తాకట్టు పెట్టి కాలేజీ ఫీజు కట్టబోతున్న తల్లితో, ఒక్క వాయిదా తప్పితే పదిమందీ కదిలే డ్వాక్రా గ్రూపుతో మాట్లాడాడా? స్టేట్ బ్యాంక్‌లో ఆఫీసర్లు పల్లె శాఖల్లో కొంతకాలం చేస్తేగాని ప్రమోషన్ రాదు. చాలామంది దాన్ని శిక్ష అనుకుంటారు, తిట్టుకుంటారు, ఆ ఊళ్లలో ఇల్లు దొరకక అవస్థ పడతారు. అయినా ఆ నియమం ఉండి తీరాలి.

ఇప్పుడు భయం ఏమిటంటే ఆ కింది మెట్లే ఊడిపోతున్నాయి. కొన్ని ప్రైవేటు బ్యాంకుల్లో, చిన్న ఫైనాన్స్ బ్యాంకుల్లో ఏడాదికి సగటున నూటికి పాతికమంది దాకా ఉద్యోగం వదిలి వెళ్తున్నారని రిజర్వు బ్యాంకే 2024లో చెప్పింది. చేరిన కుర్రాడికి మొదటి నెలే టార్గెట్ ఇస్తారు, ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మమంటారు, ఫోన్లు చేయమంటారు, ఏడాది తిరిగేసరికి ఇంకో బ్యాంకుకు వెళ్లి అదే పని చేస్తాడు. శాఖలో ఖాతాదారుడి పేరు తెలిసేలోపే కుర్చీలో మనిషి మారిపోతాడు. ఇలాంటి చోట ఇరవై ఏళ్ల తర్వాత నాయకులు ఎవరవుతారు? కన్సల్టెన్సీలో స్లైడ్లు చేసి నేరుగా పైఅంతస్తులో దిగినవాళ్లే. వాళ్లలో చురుకైనవాళ్లు ఉంటారు, కాదనం, కానీ రైతు కళ్లలోకి ఒక్కసారైనా చూసి అప్పు కాదని చెప్పిన అనుభవం వాళ్లకు ఉండదు.

1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంక్ పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య వృత్తిరీత్యా డాక్టరు. రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడటం అలవాటైన మనిషి పెట్టిన బ్యాంకు అది.

రిజర్వు బ్యాంకు 2021లో ప్రైవేటు బ్యాంకుల సీఈవోలకు 15 ఏళ్ల గడువు పెట్టింది, మంచి పని. ఇప్పుడు కింది చివర కూడా చూడాలి. ఎంతమంది మానేశారో లిస్టెడ్ బ్యాంకులు వార్షిక నివేదికలో మొత్తంగా ఒక అంకె వేస్తున్నాయి, దాన్ని కౌంటర్ స్థాయికి వేరుగా, పల్లె శాఖలకు వేరుగా వేయించాలి. జనరల్ మేనేజర్, ఆపై స్థాయివాళ్లలో ఎందరు శాఖలో పనిచేసి వచ్చారో, ఎన్నేళ్లు చేశారో అదే పేజీలో ఉండాలి. అది వచ్చే ఆర్థిక సంవత్సరం నివేదికల నుంచే మొదలుపెట్టమని అడుగుతున్నాం.