తీగకో పిన్ను చాలదు: గేమ్ కంట్రోలర్లపై చలామణిలో ఉన్న ఒక సలహాకు ఖండన

మైక్రోకంట్రోలర్లతో (ప్రోగ్రాము రాసి నడిపించే చిన్న చిప్ కంప్యూటర్లతో) చిన్న ఆటలూ రోబోలూ తయారుచేసుకునేవారి మధ్య ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. ఏ గేమ్ కంట్రోలర్ లోపలైనా ఉండేవి బటన్లే కనుక కేబుల్ కోసి తీగకో మైక్రోకంట్రోలర్ పిన్ను చొప్పున కలిపితే సరిపోతుందనీ, కరెంటు 5 వోల్టులు ఇస్తే ఏదైనా పనిచేస్తుందనీ, రెసిస్టర్ల అవసరమే లేదనీ, ఒక్క నొక్కుడు రెండు మూడుగా లెక్కకొస్తే అది చౌకబారు బటన్ల లోపమనీ దాని సారాంశం. ఇందులో ఏ మాటా పూర్తిగా గాలిలోంచి పుట్టినది కాదు, కానీ ఏ మాటా చెప్పిన రూపంలో నిలబడదు.

మొదటి మాట 1977 నాటి అటారీ 2600 జాయ్‌స్టిక్ విషయంలో అక్షరాలా నిజం. అందులో నాలుగు దిక్కులకు నాలుగు స్విచ్‌లు, కాల్చడానికి ఒకటి, అన్నింటికీ ఉమ్మడిగా ఒక గ్రౌండ్ ఉంటాయి. ఆ తర్వాత వచ్చిన నింటెండో గేమ్ యంత్రం ఎన్‌ఈఎస్ కంట్రోలర్‌ను తీసుకుంటే, బటన్లు ఎనిమిది, కేబుల్‌లోని తీగలు ఐదే; అందులోనూ రెండు కరెంటుకూ గ్రౌండ్‌కూ పోతాయి. మిగిలిన మూడు తీగల (లాచ్, క్లాక్, డేటా) మీద ఎనిమిది బటన్ల సంగతి ఎలా వస్తుందన్న ప్రశ్న వేసుకుని ఉంటే ఈ సలహా ఇంత దూరం వచ్చేది కాదు.

లోపల 4021 అనే షిఫ్ట్ రిజిస్టర్, అంటే బటన్లన్నింటి స్థితిని ఒకేసారి పట్టుకుని ఒక్కొక్కటిగా బయటికి పంపే చిప్, ఉంటుంది. లాచ్ తీగ వోల్టేజీని దాదాపు 12 మైక్రోసెకన్ల పాటు పైకి లేపి దించితే, ఆ క్షణంలో ఎనిమిది బటన్ల స్థితి చిప్‌లో నిలిచిపోతుంది. ‘ఏ’ (A) బటన్ ఫలితం అప్పటికే డేటా తీగ మీద ఉంటుంది కనుక దాన్ని చదువుకుని, క్లాక్ తీగ మీద ఒక్కో పల్స్ ఇస్తూ ‘బి’ (B), సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి అనే వరుసలో మిగిలిన ఏడింటిని చదవాలి. నొక్కి ఉంచిన బటన్‌కు 0 వస్తుంది, 1 కాదు. మొత్తం పని 200 మైక్రోసెకన్ల లోపే అయిపోతుంది కాబట్టి, నేరుగా కలిపితేనే వేగమన్న వాదనకూ చోటు లేదు. నింటెండో తర్వాతి గేమ్ యంత్రమైన ఎస్‌ఎన్‌ఈఎస్ కంట్రోలర్ ఇదే పద్ధతిలో, ఇవే ఐదు తీగలతో, 12 బటన్లను 16 బిట్ల వరుసగా పంపుతుంది.

మరి కోసి కలిపినవారు పనిచేసిందని ఎందుకు చెబుతారు? మూడు తీగలనూ అంతర్గత పుల్-అప్ (ఇంకేదీ కిందికి లాగనంతవరకూ పిన్ను వోల్టేజీని పైనే నిలిపే రెసిస్టర్) ఉన్న పిన్నులకు కలిపితే లాచ్ తీగ ఎప్పుడూ పైనే ఉంటుంది, అలా ఉన్నంతసేపూ 4021 తన చివరి ఇన్‌పుట్‌ను ఎప్పటికప్పుడు బయటికి చూపిస్తూనే ఉంటుంది, ఆ ఇన్‌పుట్ ‘ఏ’ బటన్‌దే. అందుచేత ‘ఏ’ బటన్ ఒక్కటీ చక్కగా స్పందిస్తుంది, మిగిలిన ఏడూ చెడిపోయాయని ఆ కంట్రోలర్ చెత్తబుట్టకు చేరుతుంది. తీగల రంగులు ఇంకో ఉచ్చు: అసలు ఎన్‌ఈఎస్ కంట్రోలర్లలో ఎర్రది క్లాక్, తెల్లది 5 వోల్టులు, నకిలీలలో ఏ రంగుకైనా పూచీ లేదు. మల్టీమీటర్ పట్టకుండా కరెంటు ఇవ్వకూడదు.

యూఎస్‌బీ కంట్రోలర్లకైతే ఈ సలహా ఏ కోశానా వర్తించదు. హోస్ట్ (కంప్యూటర్‌లా పరికరాలను పలకరించి నడిపించేది) అడగనిదే యూఎస్‌బీ పరికరం నోరు విప్పదు, ఆర్డుయినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు హోస్ట్ కాదు. ఆర్డుయినోలోనే మరో బోర్డు లియొనార్డో, కంప్యూటర్ ముందు తానే కంట్రోలర్‌గా నటించగలదు కానీ ఇంకో కంట్రోలర్‌ను చదవలేదు. మ్యాక్స్3421ఈ చిప్ ఉన్న హోస్ట్ షీల్డ్ (బోర్డు మీద అమర్చే అదనపు పలక) గానీ, హోస్ట్‌గా పనిచేయగల ఆర్‌పీ2040 లాంటి చిప్ గానీ కావాలి.

ఇక 5 వోల్టుల మాట. ఈఎస్‌పీ32, ఆర్‌పీ2040 మైక్రోకంట్రోలర్ల పిన్నులు 3.3 వోల్టులకు ఉద్దేశించినవి. కంట్రోలర్‌కు 5 ఇస్తే దాని డేటా తీగ ఆ 5 వోల్టులనే తెచ్చి పిన్ను మీద పెడుతుంది. సీమాస్ రకం చిప్ అయిన 4021కి 3 వోల్టులు దాటితే చాలు కనుక, కంట్రోలర్‌కు కూడా 3.3 ఇవ్వడమే తేలిక. నింటెండో వీ యంత్రపు నన్‌చక్ కంట్రోలర్ అయితే పుట్టుకతోనే 3.3 వోల్టులది.

రెసిస్టర్లు అక్కర్లేదన్నది సగం ఒప్పు. ఊనోలోని చిప్ ఏటీమెగా328పీలో 20 నుంచి 50 కిలోఓమ్‌ల పుల్-అప్‌లు లోపలే ఉన్నాయి, వాటిని ప్రోగ్రాములో ఆన్ చేయాలి, అంతే. ఈఎస్‌పీ32లో 34 నుంచి 39 వరకున్న పిన్నులకు మాత్రం ఆ సౌకర్యం లేదు. ఈ సంగతి తెలియక నేను 34వ పిన్నుకు పెట్టిన బటన్, చెయ్యి దగ్గరికి తెస్తే చాలు తనంతట తానే నొక్కుకునేది. రెండు సాయంత్రాలు నా ప్రోగ్రామునే తిట్టుకుని, చివరికి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టాక ఊరుకుంది.

చివరిది, ఒక్క నొక్కుడు పలుమార్లు లెక్కకు రావడం. లోహపు కొసలు కలిసేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తగులుతాయి, ఖరీదైన స్విచ్‌లోనూ అంతే. పిన్నును కొన్ని మైక్రోసెకన్లకోసారి చదివే ప్రోగ్రాముకు ఆ ఎగురుళ్లన్నీ వేర్వేరు నొక్కుళ్లుగా కనిపిస్తాయి. దీనికి విరుగుడుగా ప్రోగ్రామంతటినీ డిలే (కాసేపు ఆగమనే ఆదేశం) పెట్టి ఆపేయమని కొందరు చెబుతారు, అదీ అక్కర్లేదు. బటన్లను 10 మిల్లీసెకన్లకోసారి మాత్రమే చదివి, కిందటిసారి 1గా ఉండి ఈసారి 0 అయినవాటినే కొత్త నొక్కుళ్లుగా లెక్కించుకుంటే, మామూలు బటన్లలో ఆ ఎగురుళ్లు రెండు చదువుల నడుమే సద్దుమణుగుతాయి.